సుగ్గికి పోయిన పుస్తకాలకు లేటు ఫైన్ వేయాలా?

పాత కండక్టరు (కోసిగి వైపు పల్లె), ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ని. మా ఊర్లో పంచాయతీ వాళ్లు ఖాళీగా ఉన్న గది ఒకటి ఇస్తే అందులో చిన్న గ్రంథాలయం నడుపుతున్నా. ఇది ప్రభుత్వానిది కాదు, ట్రస్టుదీ కాదు. నేనూ, డిగ్రీ చదివి ఊర్లోనే ఉన్న ఇద్దరు కుర్రోళ్లూ చూసుకుంటాం. రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా. పుస్తకాల్లో కొన్ని ఎవరో ఇచ్చినవి, కొన్ని ఆదోనిలో, కర్నూలులో పాత పుస్తకాల అంగళ్లలో నేను బేరమాడి తెచ్చినవి. పిల్లల కథలు ఎక్కువ. తర్వాత పోటీ పరీక్షలవి. భక్తి పుస్తకాలు అడక్కుండానే వచ్చి పడతాయి, వాటి గొడవ ఇప్పుడొద్దు.

రూల్స్ నేనే రాసి గోడకు అంటించినా. మనిషికి ఒక పుస్తకం, పదిహేను రోజులు, దాటితే రోజుకు అర్ధ రూపాయి ఫైన్. ఎందుకు పెట్టినావంటే, అన్ని లైబ్రరీల్లో ఉంటుంది కాబట్టి. పైగా నా ఉద్యోగమంతా టికెట్టూ చిల్లరే కదా. టికెట్ లేనివాణ్ని ఊరికే దింపేసి పోతే రేపు ఎవడూ టికెట్ తీయడు అనేది డిపోలో మాకు మొదటిరోజు నేర్పే పాఠం.

ఇప్పుడు సమస్య. మా వైపు సంగతి తెలిసినవాళ్లకు సుగ్గి అంటే చాలు. తెలియనివాళ్లకు చెప్తా. ఇక్కడ మాకు వానే దిక్కు. పంట చేతికొచ్చినాక, చాలాసార్లు రాకముందే, ఇంటికి తాళమేసి గుంటూరు వైపు మిరపకాయల కోతకు, పత్తి తీయడానికి పోతారు. మళ్లీ ఉగాదికి ఊరు కనపడుతుంది. పిల్లల్లో కొందరిని అవ్వాతాతల దగ్గర వదిలిపెడతారు, కొందరు వెంట పోతారు. ఏ రోజు బయలుదేరతారో వాళ్లకే తెలీదు. మేస్త్రీ ఫోన్ చేసినాడంటే ఆ రాత్రే లారీ. బియ్యం, గిన్నెలు, పరుపులు సర్దుకునే హడావిడిలో లైబ్రరీ పుస్తకం ఎవరికి గుర్తుంటుంది?

ఏడో తరగతి పిల్ల ఒకతె జంతువుల బొమ్మల పుస్తకం తీసుకొని అట్లే సుగ్గికి పోయింది. పుస్తకం ధర 35 రూపాయలు. తిరిగొచ్చేసరికి ఫైన్ 41 రూపాయలు అయింది. పుస్తకం ఇంట్లోనే ఉంది, పోలేదు. వాళ్ల అవ్వను అడిగితే, "ట్రంకుపెట్టెలో దాచిపెట్టింది సామీ, డబ్బులు అడుగుతారని బయటికి తీయదు" అంది. ఆ పిల్ల ఇప్పుడు లైబ్రరీ ఉన్న వీధిలోకే రాదు. దాని తమ్ముణ్ని కూడా రానీయదు.

రిజిస్టర్ తిరగేసి చూసినా. వెనక్కి రాని పుస్తకాల్లో ఎక్కువ భాగం సంక్రాంతికి ముందు ఇచ్చినవే. ఇక ఇంతకాలం వసూలైన ఫైన్ మొత్తం పోగేసినా ఒక మంచి నిఘంటువు రాదు.

కాబట్టి అడిగేదేమంటే, ఫైన్ తీసేస్తే పుస్తకాలు తిరిగొస్తాయా, లేక ఇప్పుడు వస్తున్నవి కూడా ఆగిపోతాయా? ఎక్కడైనా తీసేసి చూసినవాళ్లు ఉంటే చెప్పండి. పోటీ పరీక్షల పిల్లోళ్లు నా మీద పడతారేమోనని కొంచెం టెన్షన్ కూడా ఉంది. ఇంకొక మాట. "పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః" అని ఎవరూ శ్లోకం పెట్టొద్దు. అది నాకూ వచ్చు, ఊర్లో ఇప్పటికే చాలామంది వినిపించినారు.

గ్రూప్స్ బ్యాచ్ (కర్నూలు):

సార్, ఏమీ అనుకోవద్దు. ఫైన్ తీయకండి. ఇంకా పెంచండి.

నేను కర్నూలులో రూమ్ తీసుకొని గ్రూప్-2కు చదువుతున్నా. పుస్తకాలన్నీ కొనుక్కునే పరిస్థితి లేదు, లైబ్రరీలే దిక్కు. పాలిటీ పుస్తకం ఒకే కాపీ ఉంటుంది. ఎవడో ఒకడు ముందు పోయి తీసుకుంటాడు, ప్రిలిమ్స్ అయ్యేదాకా ఇవ్వడు. అడిగితే "ఫైన్ కడతాలే బ్రో" అంటాడు. వాడికి రోజుకు అర్ధ రూపాయి ఒక లెక్కా? టీ కప్పు పది రూపాయలు. నెలకు పదిహేను రూపాయలకు పుస్తకం అద్దెకు దొరికింది అనుకుంటున్నాడు. రోజుకు ఐదు చేస్తే అప్పుడు తెలుస్తుంది.

పిల్లల పుస్తకాలకు తీసేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పోటీ పరీక్షల బీరువాకు మాత్రం ఉంచండి సార్, దండం పెడతా.

షికాగోలో నంద్యాలవాసి:

పెద్దాయనా, మీ పని చూస్తే సంతోషంగా ఉంది. తీసేసి చూసినవాళ్లు ఉన్నారా అన్నారు కదా, మా ఊళ్లోనే ఉన్నారు.

షికాగో పబ్లిక్ లైబ్రరీ 2019 అక్టోబరు 1 నుంచి లేటు ఫైన్ పూర్తిగా ఎత్తేసింది. అంతకుముందున్న బాకీలు కూడా కొట్టేసింది. అప్పటికి అమెరికాలో ఫైన్ తీసేసిన లైబ్రరీలన్నింటిలో ఇదే పెద్దది. మొదటి మూడు వారాల్లోనే తిరిగొచ్చే పుస్తకాలు 240 శాతం పెరిగాయని వాళ్లే ప్రకటించారు. నిర్ణయానికి ముందు వాళ్లు తీసిన లెక్క ఇంకా ఆలోచించదగ్గది. ఊళ్లో పేదవాళ్లు ఎక్కువగా ఉండే దక్షిణం వైపు కార్డున్న ప్రతి ముగ్గురిలో ఒకరికి పుస్తకం ఇవ్వడం ఆపేసి ఉంది. డబ్బున్న ఉత్తరం వైపు అది ఆరుగురిలో ఒకరు. ఆగిపోయిన కార్డుల్లో ఐదింట ఒకటి 14 ఏళ్లలోపు పిల్లలది. ఉత్తరం వైపు వాళ్లు బుద్ధిమంతులనీ దక్షిణం వైపు వాళ్లు కాదనీ ఎవరూ అనుకోరు కదా. ఒకే ఫైన్ ఒకరికి తగిలినట్టు ఇంకొకరికి తగలదు, అంతే.

అదే ఏడాది జనవరిలో ఐర్లండ్ దేశమంతటా లైబ్రరీల్లో ఫైన్లు తీసేశారు. ఆ నెలలోనే అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కూడా ఫైన్ల వల్ల అసమానత పెరుగుతోందని తీర్మానం చేసింది. 2021 అక్టోబరులో న్యూయార్క్ వంతు. అక్కడ 15 డాలర్లు, అంతకు మించి బాకీ పడి కార్డు ఆగిపోయినవాళ్లు దాదాపు నాలుగు లక్షల మంది.

కానీ ఫైన్ లేదంటే పుస్తకం ఇంట్లో ఉంచేసుకోవచ్చని కాదు. గడువు ఉంటుంది. ఇంకెవరూ అడగకపోతే గడువు దానంతటదే పెరుగుతుంది. అడిగితే పెరగదు. మరీ ఆలస్యమైతే పుస్తకం పోయినట్టు లెక్కగట్టి దాని ధర కార్డు మీద వేస్తారు. పుస్తకం తెచ్చిచ్చిన రోజు ఆ బాకీ పోతుంది. నా కార్డు మీద మా పాప పుస్తకం ధర పడింది ఒకసారి, సోఫా కింద దొరికింది, పోయి ఇచ్చేశా, ఎవరూ ఏమీ అడగలేదు.

పాత కండక్టరు:

నంద్యాల తమ్ముడికి థాంక్స్. 240 శాతం అంటే పెద్ద మాటే. అయితే నాకనిపించేది, ఆ మూడు వారాల్లో వచ్చినవి చాలావరకు పాత బాకీలు కొట్టేసినందుకు వచ్చిన పుస్తకాలు అయ్యుంటాయి. ట్రంకుపెట్టెల్లో ఉన్నవన్నీ ఒక్కసారి బయటపడినట్టు. నాలుగేళ్ల తర్వాత కూడా అట్లే వస్తాయా అనేది వేరే ప్రశ్న. మాకు ముందు ట్రంకుపెట్టె తెరుచుకుంటే చాలు, ఆ తర్వాత చూసుకుందాం.

గ్రూప్స్ తమ్ముడూ, నీ మాట కొట్టిపారేయడం లేదు. "అద్దె" అన్నావే, అది నాకు ఎక్కింది. దాని మీద ఇంకెవరైనా చెప్తారేమో చూద్దాం.

అనంతపురం ఎకనామిక్స్ లెక్చరర్:

కండక్టర్ గారికి నమస్కారం. ఆ "అద్దె" అన్నదాన్ని పరీక్షించి చూసిన పరిశోధన ఒకటుంది, క్లాసులో చెప్తుంటాను.

ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్లో పిల్లల్ని పగలంతా చూసుకునే కేంద్రాలు పది తీసుకున్నారు. సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి తల్లిదండ్రులు ఆలస్యంగా వస్తున్నారు. ఆరు కేంద్రాల్లో పది నిమిషాలు దాటితే పది షెకెళ్లు (షెకెల్ అంటే అక్కడి రూపాయి లాంటిది) ఫైన్ అన్నారు. ఆలస్యం తగ్గలేదు సరికదా, పెరిగింది, దాదాపు రెట్టింపు. అంతవరకూ పాపం ఆ టీచరమ్మ మనకోసం కూర్చుని ఉంటుంది అని పరుగెత్తుకొచ్చేవాళ్లు. డబ్బు కట్టాక ఆ మొహమాటం పోయింది. 2000లో ఈ పరిశోధన అచ్చయింది.

అందరూ చెప్పేది ఇంతవరకే. రెండో సగం వదిలేస్తారు. తర్వాత ఫైన్ ఎత్తేసినా ఆలస్యం మళ్లీ తగ్గలేదు. పోయిన మొహమాటం తిరిగి రాలేదు. కాబట్టి మీరు రేపు ఫైన్ తీసేసినంత మాత్రాన "కడతాలే బ్రో" అన్న కుర్రవాడు మారిపోతాడని నేను హామీ ఇవ్వలేను. అతనికి ఇంకేదో కావాలి. కానీ మీ ఏడో తరగతి పిల్ల సంగతి పూర్తిగా వేరు. ఆ పిల్ల అద్దె లెక్క వేసుకోలేదు, 41 రూపాయలు ఇంట్లో అడగలేక దాక్కుంది. ఇద్దరినీ ఒకే రూల్‌తో సరిచేయాలనుకోవద్దు.

ఐదు రూపాయలు చేయమన్న తమ్ముడికి ఒక ప్రశ్న. ఐదు కూడా కట్టగలిగినవాడు ఉంటాడు. అప్పుడు పదా? చివరికి పుస్తకం డబ్బున్నవాడి దగ్గరే ఉంటుంది, నువ్వు మళ్లీ బయటే.

గ్రూప్స్ బ్యాచ్ (కర్నూలు):

మేడం, ఆ యాంగిల్ నేను ఆలోచించలేదు. కానీ మరి ఏం చేయాలి? మాటలతో ఇవ్వడు వాడు.

విశ్రాంత గ్రంథపాలకుడు:

నేను శాఖా గ్రంథాలయాల్లో ఉద్యోగం చేసినవాణ్ని. ఏ ఊళ్లు అనేది అనవసరం.

కండక్టర్ గారూ, లైబ్రేరియన్లు ఫైన్‌ను ఎందుకు పట్టుకుని వేలాడతారో ముందు తెలుసుకోండి. పాఠకుల మీద కోపంతో కాదు. స్టాక్ వెరిఫికేషన్ అంటే భయం. యాక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి రాసుకునే పుస్తకంలో, నంబరు ఉండి, బీరువాలో పుస్తకం లేకపోతే అది తన జీతంలోంచి పోతుందేమోనని వణుకు. అందుకే పిల్లలకు కొత్త పుస్తకం ఇవ్వడానికే చెయ్యి రాదు కొందరికి. అట్ట చెదరకుండా బీరువాలో పడుంటుంది, ఆడిట్‌కు లెక్క సరిపోతుంది, చదివేవాడు మాత్రం ఉండడు.

నిజానికి రూల్ అంత కఠినమైనదేం కాదు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ నిబంధన చూడండి. ఏడాదిలో పాఠకులకిచ్చినవీ, అక్కడే కూర్చుని చదివినవీ కలిపి ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే అది మామూలు నష్టమే, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే చాలు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతేనే తప్పకుండా విచారణ. ఇది కేంద్ర సంస్థల కోసం రాసింది, మీ గదికి వర్తించదు. కానీ పుస్తకం తిరిగితే కొన్ని పోతాయని ప్రభుత్వమే ఒప్పుకుందని మీ కుర్రోళ్లకు చెప్పండి, ధైర్యంగా ఇస్తారు.

ఇక వసూలు. ఫైన్‌కు రసీదు పుస్తకం, దానికి క్యాష్ బుక్, నెలాఖరుకు చలానా. మూడు రూపాయల వసూలుకు ముప్పై రూపాయల చాకిరీ. ఫైన్ ఎక్కువైనవాళ్లు ఏం చేసేవాళ్లో తెలుసా? రాత్రిపూట కిటికీలోంచి పుస్తకం లోపలికి జారవిడిచి పోయేవాళ్లు. పుస్తకం వచ్చింది కదా అని నేను సంతోషించేవాణ్ని. మనిషి మాత్రం మళ్లీ రాడు. రిజిస్టర్‌లో ఆయన పేరు ఎదురుగా బాకీ అలాగే ఉంటుంది కదా, ఏ మొహంతో వస్తాడు?

అదీగాక, ప్రభుత్వ గ్రంథాలయాల సంగతికొస్తే జనం డబ్బు ముందే కట్టేశారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. చాలామందికి తాము కడుతున్నట్టే తెలీదు. కట్టినవాడి పిల్లను మళ్లీ అర్ధ రూపాయి అడగడం నాకెప్పుడూ ఇబ్బందిగానే ఉండేది. గ్రంథాలయోద్యమాన్ని భుజాన మోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పుట్టింది మన కర్నూలులోనే. ఆయన పేరు చెప్పుకుంటూ పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపితే ఏం బాగుంటుంది?

గ్రూప్స్ అబ్బాయికి పాత పద్ధతి ఒకటి చెప్తాను. మాకు కంప్యూటర్ లేని రోజుల్లో ప్రతి పుస్తకానికీ ఒక కార్డు, ప్రతి సభ్యుడికీ ఒక టికెట్ ఉండేవి. పుస్తకం తీసుకుపోతే ఆ కార్డు ఆ టికెట్ జేబులో దూర్చి, గడువు తేదీ వారీగా ట్రేలో పెట్టేవాళ్లం. టికెట్ మా దగ్గరుంది కాబట్టి ఇంకో పుస్తకం దొరకదు. పైసా అడగక్కర్లేదు. పాలిటీ పుస్తకం దగ్గర పెట్టుకున్నవాడికి రేపు ఎకానమీ పుస్తకం కావాల్సి వస్తుంది. అప్పుడు వాడే తెస్తాడు.

కాలేజీ లైబ్రరీ కంప్యూటర్ ఆపరేటర్:

సార్ చెప్పినదాన్నే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. కోహా అని ఉచితంగా దొరుకుతుంది, మా కాలేజీలో అదే. అందులో ఫైన్ సున్నా పెట్టి, బదులుగా సస్పెన్షన్ పెట్టుకోవచ్చు. ఎన్ని రోజులు ఆలస్యమైతే అన్ని రోజులు పుస్తకం ఇవ్వదు. గరిష్ఠంగా ఇన్ని రోజులే అని పరిమితి కూడా పెట్టొచ్చు.

పాత కండక్టరు:

తమ్ముడూ, ఆలస్యమైన ప్రతి రోజుకూ ఒక రోజంటే సుగ్గి పిల్ల ఉగాదికి వచ్చి పుస్తకం ఇచ్చినా జూన్ దాకా బయటే ఉండాలి. వేసవి సెలవులన్నీ పోయె. ఆ సెలవుల్లోనే కదా పిల్లలు మా గదికొచ్చేది! డబ్బు బదులు రోజులు తీసుకోవడం నాకు నచ్చలేదు. పుస్తకం తెచ్చిచ్చినవాడు ఆ నిమిషమే ఇంకోటి తీసుకుపోవాలి. గ్రంథపాలకుడు గారు చెప్పిన టికెట్ పద్ధతిలో ఉన్న సుఖం అదే. కంప్యూటర్ మాకు ఎట్లాగూ లేదు, కరెంటే సాయంత్రం సరిగ్గా ఉండదు.

బడి టీచరమ్మ (ఆదోని దగ్గర):

అన్నా, మీరంతా ఆలస్యం గురించి మాట్లాడుతున్నారు. నేను అసలు గడువు గురించి అడుగుతా. పదిహేను రోజులని ఎవరు చెప్పినారు?

మా బడిలో కూడా ఇదే కథ. సుగ్గి టైం వస్తే హాజరు పట్టీ సగం ఖాళీ. సీజనల్ హాస్టల్ పెట్టిన ఊళ్లలో పిల్లలు కొంతమంది ఆగుతారు. లేని ఊళ్లలో, ఉన్నా అమ్మానాన్నలకు నమ్మకం లేని ఊళ్లలో, వెంట పోతారు. అక్కడ చేలగట్టు మీద పట్టా కప్పుకున్న గుడిసెలో ఉంటారు. పెద్దోళ్లు తోటలో ఉంటే ఈ పిల్లలు చంటిపిల్లల్ని చూసుకుంటూ కూర్చుంటారు. తెలుగు అక్షరం కనపడేది ఎరువుల బస్తా మీదే. తిరిగొచ్చినాక చూస్తే, నాలుగో తరగతి పిల్లోడు రెండో తరగతి వాచకం కూడా కూడబలుక్కుంటాడు.

అట్లాంటి చోటికి మీ జంతువుల పుస్తకం పోయింది. దానికి మీరు ఫైన్ వేసినారు! మీ బీరువాలో ఉన్న అన్ని పుస్తకాల్లో ఆ సీజన్‌లో ఎక్కువ పని చేసింది అదే అయ్యుంటుంది. నేనైతే పోయేవాళ్లకు ఒకటి కాదు, రెండు మూడు ఇచ్చి పంపుతా. గడువు ఉగాది అని రాస్తా.

చిరిగిపోతాయి, మిరపకాయల ఎరుపు అంటుకుంటుంది, కొన్ని రావు. ఖరీదైనవి ఇవ్వొద్దు. పలుచటి కథల పుస్తకాలు ఇవ్వండి, అంతే.

షికాగోలో నంద్యాలవాసి:

అక్కా, దీని ముందు నేను పెట్టిన లెక్కలన్నీ తేలిపోయాయి. సుగ్గి పిల్లల కోసం పలుచటి పుస్తకాలు ఒక కట్ట నేను పంపిస్తాను. అడ్రస్ ఇక్కడ పెట్టొద్దు, పర్సనల్ మెసేజ్ చేయండి పెద్దాయనా.

పాత కండక్టరు:

టీచరమ్మా, గట్టిగానే తగిలించినావు. బాగుంది.

మా కుర్రోళ్లతో కూర్చుని మాట్లాడినా. ఒకడు ఒప్పుకోలేదు, "ఫైన్ లేకపోతే మన మాట ఎవరు వింటారు" అని. ఇప్పుడు ఎంతమంది వింటున్నారో రిజిస్టర్ చూడమన్నా. మొత్తానికి ఇట్లా అనుకున్నాం. ఫైన్ ఎవరికీ లేదు, పాత బాకీలన్నీ కొట్టేస్తాం. దండోరా వేయించి చెప్పిస్తాం, ఎందుకంటే గోడ మీద కాగితం చదివేవాళ్లు ఎట్లాగూ లైబ్రరీకి వచ్చేవాళ్లే, దాక్కున్నవాళ్లకు అది కనపడదు. ట్రంకుపెట్టె పిల్ల ఇంటికి నేనే పోయి చెప్తా, పుస్తకం అడగను, కొత్త పుస్తకాలు వచ్చినాయని మాత్రం చెప్తా.

పుస్తకం ఇచ్చినాకే ఇంకో పుస్తకం. అందుకు టికెట్లు అట్టముక్కలతో మేమే చేసుకుంటున్నాం. టికెట్లు కొట్టడం నాకు కొత్త కాదు.

సుగ్గికి పోయేవాళ్లకు వేరే బీరువా అర. దసరా నుంచే తెరిచి పెడతాం, ఎవరికి ఎప్పుడు ఫోన్ వస్తుందో తెలీదు కాబట్టి. ఇంటికి మూడు పుస్తకాలు, గడువు ఉగాది. ఉగాది దాటినా అడగడానికి మనిషిని పంపం, పండుగ మర్నాడు నేనే వీధుల్లో ఒక చుట్టు తిరుగుతా.

పోటీ పరీక్షల పుస్తకాలకు మాత్రం వారం గడువు. ఎవరూ అడగకపోతే ఇంకో వారం. ఎవరైనా పేరు రాయించుకుంటే, పుస్తకం ఎవరి దగ్గరుందో వాళ్లకు ఫోన్ పోతుంది. ఇక్కడ ఎకనామిక్స్ మేడం అన్న "ఇంకేదో" ఏమిటని చాలాసేపు ఆలోచించినాం. చివరికి మా చిన్నోడు చెప్పినాడు. పేరు రాయించుకున్నవాడి చేతనే ఫోన్ చేయిద్దాం, లైబ్రరీ తరఫున వద్దు అని. "అన్నా, నాకు పరీక్ష ఉంది, పుస్తకం కావాలి" అని పక్క ఊరి పిల్లోడే అడిగితే ఇవ్వకుండా ఉండడం కష్టం. పని చేస్తుందో లేదో చూడాలి. పని చేయకపోతే ఆ ఒక్క అరలోని పుస్తకాలు గదిలోనే కూర్చుని చదవమంటాం.

ఒక్కటే తేలలేదు. ఇంతవరకు ఫైన్ కట్టినవాళ్ల సంగతేమిటి? నిజాయితీగా వచ్చి పన్నెండు రూపాయలు, ఎనిమిది రూపాయలు కట్టిన పిల్లలున్నారు. "మేం కట్టినాం కదా తాతా, వాళ్లకెందుకు మాఫీ" అని ఇద్దరు అప్పుడే అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. రైతు రుణమాఫీ అప్పుడు కూడా టైంకు కట్టినవాళ్లు ఇట్లే అడిగినారు మా ఊర్లో.

విశ్రాంత గ్రంథపాలకుడు:

మీ దగ్గర రసీదులు ఉన్నాయా? ఉంటే తిరిగి ఇచ్చేయండి, పెద్ద మొత్తమేం కాదంటున్నారు కదా. లేకపోతే ఆ డబ్బు ఎంతో అంతకు ఒక పుస్తకం కొని, ఏ పుస్తకం కొనాలో ఆ కట్టిన పిల్లల్నే ఎంచుకోమనండి. మొదట చదివే హక్కు కూడా వాళ్లదే.

గ్రూప్స్ బ్యాచ్ (కర్నూలు):

సార్, గదిలోనే చదవమనే మాట వస్తే ఎనిమిదికి మూయకండి, పదకొండు దాకా తెరిచి ఉంచండి. నా దగ్గర పాలిటీ పుస్తకం పాత ఎడిషన్ ఒకటుంది. కొన్ని సవరణలు అందులో ఉండవు, అవి పేపర్ మీద రాసి లోపల పెట్టి పంపిస్తా. కర్నూలు నుంచి ఆదోని బస్సుకు ఇచ్చి పంపితే చేరుతుందా?

పాత కండక్టరు:

రసీదులు లేవు సార్, రిజిస్టర్‌లో పేర్లున్నాయి. పిల్లలకు చెప్పినా, బొమ్మల నిఘంటువు కావాలని అప్పుడే గొడవ మొదలైంది. తక్కువ పడింది నేను వేస్తా.

గ్రూప్స్ తమ్ముడూ, పదకొండు దాకా అంటే తాళం నీ చేతికివ్వాలి, అది ఊర్లో పిల్లోళ్లు ఎవరైనా బాధ్యత తీసుకుంటే చూద్దాం. పుస్తకం మాత్రం పంపు. కవరు మీద నా పేరు, "రిటైర్డ్ కండక్టర్" అని రాసి ఆదోని బస్సు డ్రైవర్‌కు ఇవ్వు. నా పేరు మెసేజ్‌లో పంపుతా. మా వాళ్లు చేరుస్తారు.